దిగిన వేళ

మార్చి 3, సోమవారం

మా సైట్ల పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీ నుంచి రాస్తున్నాను. దీన్నెవరూ తెరవరు. అత్తకు బైబిలు తప్ప ఇంకో పుస్తకం అక్కర్లేదు.

ముందు వైపు గళ్లన్నీ నా చేతిరాతే. తేదీ, ఊరు, ఎన్ని కిలోమీటర్లు, సిగ్నల్ ఎంత, ఎక్కిన వేళ, దిగిన వేళ. ఎనిమిదేళ్లలో నూటనలభై ఆరు సైట్లు. మా ఆయన యెహోషువ స్తంభం దిగి, నేల మీద కాలు పెట్టి, వాకీటాకీలో చెబితేగాని నేను ఆ చివరి గడి నింపేదాన్ని కాదు. అది నింపితేగాని ల్యాప్‌టాప్ మూసేదాన్ని కాదు. పెళ్లిలో చేసిన ప్రమాణాలకన్నా దీన్నే మేము గట్టిగా పాటించాం.

నూటనలభై ఆరోది ఫిబ్రవరి 6, పద్మనాభయ్యగారి రొయ్యల గుంటలు. తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కిన వేళ 4:05. ఆ తర్వాతి గడి ఖాళీ. ఆయన పడింది 4:40కి. పడడం దిగడం కాదు కదా, అందుకని ఏమీ రాయలేదు. ల్యాప్‌టాప్ కూడా మూయలేదు. ఇరవై అయిదు రోజులుగా ఇంట్లో బల్ల మీద వెలుగుతూనే ఉంది.

స్తంభానికి తగిలించుకున్న బెల్టు కొక్కెం విప్పాడు, పడ్డాడు. జరిగింది అంతే. పోలీసాయన అదే రాసుకున్నాడు. పాస్టరుగారు ఆదరణ కూడికలో జాగ్రత్త అనే అంశం తీసుకుని అదే చెప్పారు. మా అత్త రెబెక్కమ్మ పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అదే చెబుతోంది.

"నా బిడ్డే గానీ, చిన్నప్పట్నించి వాడికి నిర్లక్ష్యం ఎక్కువ. కొక్కెం విప్పినాడంట. ఏం చేస్తాం."

నేను పక్కనే కూర్చుని వింటాను.

మార్చి 5, బుధవారం

పోలీసాయన మళ్లీ వచ్చాడు, సంతకం కోసం. అసలు మీ ఇద్దరి పని ఏంది అని అడిగితే పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. ఇటు మా చర్చి గోపురంలో ఒక డిష్. అటు సముద్రం పక్కన, సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట, నలభై అడుగుల ఇనప స్తంభం మీద ఇంకో డిష్. రెండూ ఒకదాని మొహం ఒకటి సూటిగా చూసుకుంటేనే గుంటల దగ్గరి కెమెరా బొమ్మ ఇటు వస్తుంది. ఆయన పైన డిష్‌ని వెంట్రుకవాసి తిప్పుతుంటాడు. నేను గోపురంలో చర్చి గంట కింద కూర్చుని ల్యాప్‌టాప్‌లో అంకె చదువుతుంటాను. మైనస్ 78, 74, 69. సున్నాకి ఎంత దగ్గరికొస్తే అంత మంచిది. డెబ్బై దాటి ఇటొస్తే కెమెరాలకు సరిపోతుంది. సరిపోయాక నేను "చాలు, బిగించి దిగు" అంటాను. ఆ మాట వినకుండా ఆయన ఎప్పుడూ దిగలేదు.

ఆ రోజు అంకె ఎంత దాకా వచ్చిందని పోలీసాయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి 6, గురువారం

పద్మనాభయ్యగారు వెంకటాచలం నుంచి ఫోను చేశారు. వరి, రొయ్య రెండూ ఉన్న మనిషి. గుంటల దగ్గరికి వారానికోసారి పోతారు, మిగతా రోజులు ఫోనులో బొమ్మ చూసుకుంటారు.

"అమ్మా నవోమీ, అడగను నోరు రాలేదు గానీ, బొమ్మ ఆగి ఆగి వస్తా ఉండాది. పైకెక్కమంటే ఎవురూ ముందుకు రావడం లే. నువ్వేమీ అనుకోబాక."

బిగించకముందే పడ్డాడు, నట్లు వదులుగా ఉన్నాయి గదా, డిష్ పక్కకు వాలి ఉంటుంది. మైనస్ 72. ఇంకొన్నాళ్లు ఆగమన్నాను.

మార్చి 9, ఆదివారం

ఆరాధనలో పాస్టరుగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పేవాళ్లుంటే లేవమన్నారు. నలుగురు లేచారు. నేను లేవలేదు.

మార్చి 11, మంగళవారం

సాయంత్రం అంకె 72 నుంచి 63కి వచ్చింది. పది నిమిషాలు అట్లా నిలబడి మళ్లీ 72కి పోయింది. బొమ్మ అద్దంలా వచ్చింది ఆ పది నిమిషాలు. నీళ్ల మీదుగా పోయే లింకుకు పోటు వచ్చినప్పుడు ఇట్లా అవుతుంది. పోటు నీళ్లు లేస్తే తరంగాలు తగిలే తీరు మారుతుంది. ఇది ఆయనే నాకు నేర్పాడు.

టైము చూడలేదు. నాలుగున్నర దాటింది.

మార్చి 12, బుధవారం

4:40కి. 63.

మార్చి 13, గురువారం

4:40కి. 63.

పోటు కాదు. పోటు రోజుకు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఏ చేపలాయన్ని అడిగినా చెబుతాడు. ఇది రోజూ అదే వేళకు వస్తోంది.

గాలి అయ్యుంటుంది. సాయంత్రమయ్యేసరికి సముద్రం మీది నుంచి గాలి తిరుగుతుంది, వదులు డిష్‌ని తిప్పుతుంది. అంతే. గాలికి ఏం తెలుసు అని మాత్రం అడగకూడదు. 62 కాదు, 64 కాదు, 63 దగ్గరే ఎందుకు ఆగుతుందని అడగకూడదు.

మార్చి 16, ఆదివారం

సాక్ష్యాలు అడిగారు. అత్త నా వైపు చూసింది. కష్టంలో దేవుడు ఆదరించాడని నేను చెబుతానని ఆమె ఆశ. కాళ్లు నొప్పిగా ఉన్నాయన్నాను.

మార్చి 18, మంగళవారం

కెమెరా స్తంభానికే ఉంది, నేల నుంచి పదడుగుల ఎత్తున, తూర్పు మొహం చేసి. మనిషి ఎక్కుతుంటే అడుగడుక్కీ బొమ్మ అదురుతుంది. కొత్తలో నేను విసుక్కునేదాన్ని. ఆయనేమో కావాలని బరువుగా తొక్కేవాడు, "నేనొస్తుండానని నీకు ముందే తెలియాల గదా" అని.

ఇవాళ 4:35కి బొమ్మ అదిరింది. ఒకసారి. మళ్లీ. మళ్లీ. నా ప్రమేయం లేకుండా వేళ్లు లెక్కపెట్టాయి. ఇరవై రెండు.

ఆ స్తంభానికి మెట్లు ఇరవై రెండు.

తర్వాత అంకె 63కి వచ్చి ఆగింది. నేను కుర్చీలోంచి కదలలేదు. చివరికి మళ్లీ 72. కిందికి దిగిన అదురులు మాత్రం లేవు. ఎంతసేపు చూసినా లేవు.

మార్చి 20, గురువారం

గుంటల్లో రొయ్యల పట్టుబడి అయిపోయింది. నీళ్లు తోడేసి ఎండబెట్టారు. అడుగు మట్టి ఉప్పుతేలి తెల్లగా అయింది, సున్నం కొట్టిన నేల లాగా. సాయంత్రం ఎండకు స్తంభం నీడ దాని మీద పొడుగ్గా, నల్లగా పడుతోంది. ఇన్నాళ్లూ నీళ్లలో కనపడలేదు.

4:35కి ఇరవై రెండు అదురులు. 4:40కి 63.

నీడ చివర, డిష్ నీడకు కింద, మనిషి ఉన్నాడు. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి స్తంభాన్ని చుట్టి. నడుం దగ్గర బెల్టు తాడు బయటికి వంగి ఉంది. ఎడమ భుజం కొంచెం కిందికి. ఎడమ భుజం ఎవరికి అట్లా ఉంటుందో నాకు తెలుసు, పదకొండేళ్లు ఆ భుజం మీద ఇస్త్రీ చేసిన చొక్కా వేశాను.

కెమెరాకు స్తంభం కనపడదు. నీడే కనపడుతుంది.

భయం వేసింది. సిగ్గులేకుండా సంతోషం కూడా వేసింది.

మార్చి 21

ఉన్నాడు.

మార్చి 22

ఉన్నాడు.

మార్చి 23, ఆదివారం

ఆరాధనకు పోయాను. సాక్ష్యాల వేళకు ముందే తలనొప్పి అని వచ్చేశాను. నాలుగున్నరకు కుర్చీలో ఉన్నాను. ఉన్నాడు.

మార్చి 26, బుధవారం

గుంటల దగ్గర షెడ్డులో ఉండి కూలీలకు వండిపెట్టే పిచ్చమ్మకు ఫోను చేశాను. ఆ రోజు మొదట పరుగెత్తింది ఆమే. కెమెరా లింకు మీదే ఆమె ఫోను కూడా నడుస్తుంది. బొమ్మ సరిగా ఉన్నప్పుడే మాట సరిగా వస్తుంది, అందుకని 4:42కి చేశాను.

"స్తంభం దగ్గర ఎవరన్నా ఉన్నారా పిచ్చమ్మా?"

"కింద ఎవురూ లేరమ్మా."

"పైన?"

"నేను పైకి చూడనమ్మా. చూస్తే లేకుండా పోతాడేమో. పానా పెట్టి ఇనుము మీద తట్టినట్టు చప్పుడు మాత్రం వస్తా ఉండాది రోజూ. దిగినాక తాగతాడని టీ గలాసు పెడతాండా. ఆయనకు దిగంగానే టీ పడాల గదా."

మేము అట్లాంటివి చెయ్యమని, పోయినవాళ్లకు తిండీ నీళ్లూ పెట్టడం మా విశ్వాసంలో లేదని గట్టిగా చెప్పాను.

"మీ ఇశ్వాసం మీది తల్లీ. టీ నాది," అంది పిచ్చమ్మ. "దిగడమే దిగడం లేదు. గలాసు ఎట్ల పెట్టింది అట్నే చల్లారిపోతా ఉండాది."

బొమ్మ కింది మూలలో గ్లాసు కనపడింది. స్తంభానికి కాస్త ముందు, ఒక ఇటుక మీద.

మార్చి 27

ఎందుకు దిగడం లేదని నేను పిచ్చమ్మను అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. అడిగితే జవాబు తెలుసు.

మార్చి 30, ఆదివారం

సాక్ష్యాలు అడిగారు. లేవలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

రాస్తాను. ఇది నా పుస్తకం, రాస్తే ఏం పోయింది.

నాకు కొసరడిగే గుణం. కూరగాయలామె కిలో తూచాక ఇంకో రెండు వంకాయలు వేయమంటాను, పాలాయన దగ్గర ఇంకో చుక్క, టైలరు దగ్గర ఇంకో కుట్టు. అడగకపోతే నిద్ర పట్టదు. "నీకు చాలు అనే మాట బళ్లో నేర్పినట్టు లేదే," అని నవ్వేవాడు. "నువ్వు గాలిని కూడా కొసరడుగుతావు." ఇంట్లో నేను ఆయన్ని మీరు అంటాను, వాకీటాకీ సెట్లో మాత్రం నువ్వు అంటాను. గాలిలో మర్యాదలకు టైము లేదని ఆయనే పెట్టిన పద్ధతి. ఆ నువ్వు అనే చనువుతో ఇంకా ఎక్కువ అడిగేదాన్ని.

ఆ రోజు 4:33కి 63 వచ్చింది. డెబ్బై లోపు చాలు, 63 అంటే పండగే. ఆయన అడిగాడు, "చాలా నవోమీ? పొద్దు వాలతా ఉండాది."

నేను అన్నాను, "ఇంకొంచెం చూడు. అరవై వస్తుంది."

"ఇంక రాదే. డిష్ అవతలి పక్క నుంచి పట్టుకుంటే తప్ప తిరగదు. బెల్టు అందదు."

"వానాకాలానికి పనికొస్తుంది. ఇంకొంచెం."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వు సెట్లో గరగర వినపడింది. "బైబిల్లో నా పేరు పెట్టుకున్న పెద్దాయన అడిగితే సూర్యుడే నిలిచినాడంట. నాకు ఇంకో అయిదు నిమిషాలు నిలవడా. ఉండు, కొక్కెం మార్చి పెట్టుకుంటా."

తర్వాత అంకె 62 అయింది. నేను "ఇంకొంచెం" అన్నాను. ఆ తర్వాత 72.

నిర్లక్ష్యంగా విప్పలేదు. నేను కొసరడిగితే విప్పాడు.

ఏప్రిల్ 3

నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పినా మనిషి రాడు. రోజూ సాయంత్రం వస్తున్నాడు, నాకు అది చాలదా. చూడు, ఆ మాట రాయగలిగాను.

ఏప్రిల్ 6, ఆదివారం

లేవలేదు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. అత్త ఆయనతో మళ్లీ అదే మాట, వాడికి నిర్లక్ష్యం ఎక్కువయ్యా అని. ఆయన తలాడించారు. నేను కాఫీ తెచ్చి ఇచ్చాను. పంచదార ఎక్కువేశానని అత్త కోప్పడింది.

ఏప్రిల్ 10, గురువారం

పద్మనాభయ్యగారు స్వయంగా వచ్చారు. మెత్తటి మనిషి, కుర్చీ అంచున కూర్చున్నారు.

"ఇరవై నాలుగున రొయ్యపిల్ల వదలతాండామమ్మా. ముందురోజు రాత్రికి గుంటల్లో నీళ్లు పెడతారు. అప్పటికి బొమ్మ నిలకడగా రాకపోతే ఆ స్తంభం పీకించేస్తా. అరిష్టమని కూలోళ్లు దాని పక్క పోవడం మానేసినారు. మీ ఆయన కట్టిన స్తంభం, పీకను నాకూ మనసు రాదు. చిట్టమూరులో వెంకటేష్ అని ఒక అబ్బాయి ఉండాడు, ఎక్కతానన్నాడు. ఇటు పక్కన నువ్వు కూర్చోని అంకె చెప్పాల. చెప్పగలవా?"

చెప్పగలనన్నాను. ఆయన వెళ్లాక అర్థమైంది. నట్లు బిగిస్తే యెహోషువకు తిప్పడానికి డిష్ ఉండదు. నీళ్లు పెడితే నీడ పడదు. బిగించకపోతే స్తంభమే ఉండదు. ఎటు చూసినా ఇరవై మూడే ఆఖరు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఉన్నాడు. ఇవాళ తెరకు చెయ్యి ఆనించాను. వేడిగా ఉంది. మూయకుండా రెండు నెలలకు పైగా నడుస్తున్న ల్యాప్‌టాప్ వేడిగా కాక ఎట్లా ఉంటుంది.

ఏప్రిల్ 20, ఈస్టరు

తెల్లవారుజామున అందరం సమాధుల తోటకు పోయాం. సమాధులన్నీ సున్నం కొట్టి ఉన్నాయి, కొవ్వొత్తులు, బంతిపూలు. యెహోషువది కొత్తది గనుక అన్నిటికన్నా తెల్లగా ఉంది. తెల్లటి చోటు చూస్తే నా కళ్లు నీడ కోసం వెతుకుతున్నాయి ఈమధ్య. అక్కడ ఏ నీడా లేదు. ఆయన అక్కడ లేడని నాకొక్కదానికే తెలుసు.

అత్త కొంగుతో సమాధి మీది మట్టి తుడిచింది, పసిపిల్లవాడి మూతి తుడిచినట్టు. "పైనన్నా జాగ్రత్తగా ఉండరా నాయనా," అంది. పాటలు పాడుతున్నారు, నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

పైనే ఉన్నాడత్తా. ఇంకా పైనే ఉన్నాడు. జాగ్రత్తగా లేడు. నా మాట కోసం ఉన్నాడు.

అనలేదు. కొవ్వొత్తి ఆరిపోతే మళ్లీ వెలిగించాను.

ఏప్రిల్ 23, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

వెంకటేష్‌ను ఉదయమే ఎక్కమన్నాను. మోటారు సైకిలు చెడిందని మూడింటికి వచ్చాడు. ఇనుము కాలుతోంది, కొంచెం చల్లారనీమన్నాడు. నేను గోపురంలో గంట కింద, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, సెట్టు పట్టుకుని కూర్చున్నాను. ఆ చోట కూర్చోవడం ఫిబ్రవరి తర్వాత ఇదే.

4:22కి ఎక్కాడు. ఇరవై రెండు అదురులు. తెల్లటి నేల మీద అతని నీడ, పొట్టిగా, భుజాలు సమంగా.

"తిప్పతాండా అక్కా. చెప్పు."

చెప్పాను. 72. 70. 68. 66. నా గొంతు బాగానే ఉంది. 64. 63.

"ఎంతక్కా?"

"అరవై మూడు."

"చాలా?"

చాలు అంటే బిగిస్తాడు. బిగిస్తే రేపు సాయంత్రం కుర్చీలో కూర్చుని నేను ఏం చూడాలి? మనసు ఎంత చెడ్డదంటే, ఏదో ఒకటి చెప్పి ఇతన్ని పంపేద్దాం, వదులుగానే ఉండనిద్దాం, స్తంభం పీకేస్తే అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఉండమన్నాను. ఉన్నాడు. నిమిషాలు పోతున్నాయని తెలుస్తూనే ఉంది.

4:35కి బొమ్మ అదిరింది.

వెంకటేష్ కదల్లేదు. నీడలో అతను కదలకుండా ఉన్నాడు. బొమ్మ మాత్రం అదురుతోంది, అడుగు తర్వాత అడుగు, బరువుగా తొక్కినట్టు. ఇరవై రెండు. తెల్లటి నేల మీద వెంకటేష్ నీడ పక్కన ఇంకో నీడ వచ్చి నిలబడింది. ఎడమ భుజం కిందికి.

"అక్కా," వెంకటేష్ గొంతు మారింది. "డిష్ దానంతటదే తిరగతా ఉండాది. గాలి కూడా లేదే. నా చేతికి ఆగడం లే. అవతలి పక్క నుంచి పట్టుకుంటే గాని... ఉండు, కొక్కెం మార్చి పెట్టుకుంటా."

అదే మాట.

అంకె 62. 61. నీడల్లో రెండు చేతులు ఒకేసారి నడుం దగ్గరికి పోయాయి, ఇద్దరివీ.

60.

ఆ రోజు నేనడిగిన అరవై. రెండున్నర నెలలుగా రోజూ ఎక్కి, 63 దాకా తెచ్చి, నేను ఏమంటానో అని ఆగి, ఏమీ అనకపోతే మర్నాడు మళ్లీ ఎక్కి. ఇవాళ తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి ఇంకా అడుగుతానేమో అని కొక్కెం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

మీట నొక్కాను. 

"చాలు," అన్నాను. "అరవై వచ్చింది. నాకు చాలు. కొక్కెం విప్పొద్దు. ఇంక కొసరు వద్దు. బిగించి దిగు."

"సరేక్కా," అన్నాడు వెంకటేష్. కొక్కెం వేసిన చప్పుడు సెట్లో వినపడింది, టక్కున. అతని నీడ కిందికి జరిగింది. అదురులు మొదలయ్యాయి. లెక్కపెట్టాను. ఇరవై రెండు అయ్యాక అతను నడుచుకుంటూ కెమెరా ముందుకొచ్చి, కట్ట మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

రెండో నీడ పైనే ఉంది. చెయ్యి డిష్ దగ్గర మెల్లగా తిరుగుతోంది, పానా పట్టుకున్న చెయ్యి తిరిగినట్టు. నాలుగుసార్లు ఆగింది. నాలుగు నట్లు గదా. తొందర లేదు ఆయనకు, ఎప్పుడూ లేదు.

తర్వాత బొమ్మ అదిరింది. ఒకటి. రెండు. లెక్కపెట్టాను. ఇరవై రెండు. వెంకటేష్ దిగినవి ఇరవై రెండు, నేను లెక్కపెట్టినవి నలభై నాలుగు.

నేల మీద స్తంభం నీడ ఒక్కటే మిగిలింది. తెర మూల టైము 4:58.

పిచ్చమ్మ షెడ్డులోంచి రెండు గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఒకటి వెంకటేష్‌కి ఇచ్చింది. ఒకటి ఇటుక మీద పెట్టింది. ఈసారి నేను ఫోను చేసి కోప్పడలేదు.

గంట కింద కూర్చుని ఏడ్చాను. ఫిబ్రవరి నుంచి ఏడవలేదు, అందరి ముందూ కొంగు అడ్డం పెట్టుకోవడమే గాని.

ఏప్రిల్ 24, గురువారం

ఉదయం పదింటికి వెంకటేష్ ఫోను.

"అక్కా, నిన్న నేను బిగించలేదు, అబద్ధం చెప్పను. నువ్వు దిగమన్న గొంతు ఇనంగానే దిగిపోయినా. పానా సంచిలో నుంచి తియ్యనే లేదు. మనసు ఊరుకోక పొద్దున్నే మళ్లీ వచ్చి ఎక్కినా. నాలుగు నట్లూ దిగబిగుసుకోని ఉండాయి. పావు చుట్టు కూడా తిరగడం లే. ఎవురు బిగించినారక్కా?"

"బిగించాల్సినవాళ్లే," అన్నాను.

గుంటలో నీళ్లు మోకాటి లోతు వచ్చాయని చెప్పి పెట్టేశాడు. పద్మనాభయ్యగారు కూడా చేశారు. బొమ్మ నిలకడగా ఉందట.

సాయంత్రం 4:35కి కుర్చీలో కూర్చున్నాను. అదురులు లేవు. మైనస్ 60, కదలకుండా. నీళ్లు, నీళ్ల మీద ఎండ. అయిదింటి దాకా ఉండి లేచాను.

అత్త పెరట్లో పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. ఎదురుగా కింద కూర్చుని చెప్పాను. అరవై మూడు, కొసరు, ఇంకొంచెం, అన్నీ. నీడ సంగతి చెప్పలేదు. అది నాది.

ఆమె వలవడం ఆపలేదు. గిన్నె నిండేదాకా ఆపలేదు.

"అయితే వాడు నిర్లక్ష్యంగా విప్పలేదు."

"లేదత్తా."

"నువ్వు అడిగితే విప్పినాడు."

"అవును."

చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. "ఇంటికొచ్చిన పతి ఒక్కరికీ నా బిడ్డ నిర్లక్ష్యమని చెప్పినా. నా నోటితోనే. నువ్వు పక్కన కూర్చోని ఇన్నావు. ఆదివారం లేసి ఆ మాట సంఘంలో చెప్పు. వాడి మీద నేను వేసిన మచ్చ నువ్వే తియ్యాల."

రాత్రి నాకు అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

ఏప్రిల్ 26

ఇంకా మాట్లాడలేదు. అన్నం పెడుతోంది.

ఏప్రిల్ 27, ఆదివారం

సాక్ష్యాలు చెప్పేవాళ్లున్నారా అన్నారు. లేచాను.

ఎవరెవరు ఎట్లా చూశారో తెలియదు, నేను ఎదుటి గోడనే చూశాను. నా భర్త అజాగ్రత్తగా చనిపోలేదు అన్నాను. అరవై మూడు చాలు, నేను చాలు అనలేదు అన్నాను. ఎనిమిదేళ్లలో ఆయన నా మాట లేకుండా ఒక్క స్తంభం దిగలేదు, ఆ మాట ఇవ్వాల్సిన రోజు ఇవ్వలేదు అన్నాను. అక్కడితో ఆగిపోయాను. మామూలుగా ఎవరైనా సాక్ష్యం చెప్పాక అందరూ స్తోత్రం అంటారు. ఎవరూ అనలేదు. ఫ్యాన్లు తిరిగే చప్పుడు వినపడింది. పాస్టరుగారు పుస్తకం మూసి తల దించుకున్నారు.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి అత్త గొంతు, బొంగురుగా. "స్తోత్రం."

అత్త నా రెక్క పట్టి కూర్చోబెట్టింది. పట్టు గట్టిగా ఉంది, నొప్పి పుట్టింది. వదల్లేదు.

ఇంటికొచ్చి పుస్తకం ముందు వైపు తెరిచాను. నూటనలభై ఆరో వరస. పద్మనాభయ్యగారి రొయ్యల గుంటలు, తొమ్మిది కిలోమీటర్లు. సిగ్నల్, మైనస్ 60. ఎక్కిన వేళ 4:05.

దిగిన వేళ 4:58.

ల్యాప్‌టాప్ మూశాను.